నియోజకవర్గాల పునర్విభజన: మన ఊరు, మన దారి, మన సంత లెక్కలోకి రావాలంటే – తరచుగా అడిగే ప్రశ్నలు

పునర్విభజనలో అసలు మారేది ఏమిటి?

ఎమ్మెల్యే, ఎంపీ స్థానాల హద్దులు, వాటి రిజర్వేషన్, కొన్నిచోట్ల పేరు. అంతే. మీ మండలం మారదు, జిల్లా మారదు, రేషన్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం మారవు. గ్రామ పంచాయతీ, మున్సిపాలిటీ వార్డుల విభజన వేరే చట్టాల కింద రాష్ట్ర స్థాయిలో జరిగే పని. వార్డు గొడవను డీలిమిటేషన్ (నియోజకవర్గాల పునర్విభజన) కమిషన్‌కు రాస్తే ఆ కాగితం పక్కన పెట్టేస్తారు.

ఇంకో పొరపాటు కూడా తరచూ కనిపిస్తుంది. సర్పంచ్ పదవుల్లో రిజర్వేషన్ వంతులవారీగా మారుతుంది కాబట్టి అసెంబ్లీలోనూ అంతే అనుకుంటారు. అసెంబ్లీ, లోక్‌సభ స్థానాల్లో ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్ ఒకసారి ఖరారైతే మళ్లీ పునర్విభజన జరిగేదాకా కదలదు. 2009 నుంచి జరిగిన ఎన్నికలన్నీ 2008 నాటి పునర్విభజన ఉత్తర్వు మీదే నడిచాయి.

ఒకే సంత, ఒకే యాస, ఒకే ఆయకట్టు ఉన్న ఊళ్లను ఒకచోటే ఉంచాలని చట్టంలో ఉందా?

ఆ మాటల్లో లేదు. 2002 నాటి డీలిమిటేషన్ చట్టం 9వ సెక్షన్ ప్రకారం నియోజకవర్గం వీలైనంత వరకు భౌగోళికంగా ఒక ముద్దగా ఉండాలి. హద్దులు గీసేటప్పుడు నాలుగు విషయాలు చూడాలి: కొండలు, నదులు వంటి భౌతిక స్వరూపం, ఇప్పటికే ఉన్న పాలనా విభాగాల సరిహద్దులు, రాకపోకల సౌకర్యం, ప్రజల వెసులుబాటు. అసెంబ్లీ స్థానం మొత్తంగా ఒకే లోక్‌సభ స్థానంలో ఉండాలన్న షరతు కూడా అక్కడే ఉంది.

కాబట్టి ఊళ్ల మధ్య అనుబంధం లోపలికి వచ్చే తలుపులు రెండే, రాకపోకలు, వెసులుబాటు. ‘మా రెండు మండలాలు తాతల నాటి నుంచి ఒకటే’ అని రాస్తే అది భావోద్వేగం. ‘మా రెండు మండలాలకు ఒకటే మార్కెట్ యార్డు, ఒకటే బస్సు డిపో, ఒకే కాలువ కింద ఆయకట్టు, ఇప్పుడు కలపబోతున్న పట్టణానికి నేరుగా బస్సు లేదు, మధ్యలో వాగు, వానాకాలం కాజ్‌వే మునుగుతుంది’ అని రాస్తే అది 9వ సెక్షన్. విషయం ఒకటే అయినా మొదటిది ఎవరూ చదవరు, రెండోదానికి సమాధానం చెప్పాల్సి వస్తుంది.

జనాభా లెక్క ఎలా వేస్తారు?

2008 నాటి లెక్కనే చూద్దాం. 2001 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా 7,62,10,007. అసెంబ్లీ స్థానాలు 294. భాగిస్తే ఒక్కో స్థానానికి సగటున 2,59,218 మంది. లోక్‌సభ స్థానాలు 42, అంటే ఒక్కో దానికి 18.15 లక్షలు, సరిగ్గా ఏడేసి అసెంబ్లీ స్థానాలు. సగటుకు 10 శాతం అటూ ఇటూ ఉండొచ్చని కమిషన్ పెట్టుకున్న నియమం. అంటే దాదాపు 2.33 లక్షల నుంచి 2.85 లక్షల దాకా.

తర్వాత జిల్లా జనాభాను ఆ సగటుతో భాగించి, ఏ జిల్లాకు ఎన్ని స్థానాలో తేల్చారు. ఆపైన జిల్లా లోపలే మండలాలను పేర్చారు. గ్రామాల్లో మండలం, పట్టణాల్లో వార్డు దాదాపుగా ఇటుకల్లాంటివి. తప్పనిసరి అయితేనే మండలాన్ని రెండుగా చీల్చి, ఏ ఊళ్లు ఎటో పేర్లతో రాశారు.

ఇక్కడ లెక్కలోకి వచ్చేది జనాభా, ఓటర్లు కారు. పసిపిల్లలు కూడా లెక్కే. ఓటర్ల జాబితా పట్టుకుని ‘మా దగ్గర ఓట్లు ఎక్కువ’ అని వాదించే వినతులు మొదటి పేజీలోనే ఓడిపోతాయి.

ఇంత లెక్క వేసినా విచిత్రమైన స్థానాలు ఎందుకు పుడతాయి?

ఒక షరతును గట్టిగా పట్టుకుంటే మరొకటి జారిపోతుంది. దీనికి రెండు ఉదాహరణలు చూస్తే చాలు.

అరకు లోక్‌సభ స్థానం 2008లో కొత్తగా వచ్చింది. పాలకొండ, కురుపాం, పార్వతీపురం, సాలూరు, అరకులోయ, పాడేరు, రంపచోడవరం అందులో ఉన్నాయి. అప్పటి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం, తూర్పు గోదావరి, మొత్తం నాలుగు జిల్లాల ఏజెన్సీని ఒక దండలా గుచ్చారు. గిరిజనుల ఉమ్మడి ప్రయోజనం కోణంలో చూస్తే దీన్ని మించినది లేదు. అటవీ హక్కులు, భూబదలాయింపు చట్టం, ఐటీడీఏలు (గిరిజనాభివృద్ధి సంస్థలు) అన్నిచోట్లా ఒకే రకం సమస్యలు. కానీ ‘ముద్దగా ఉండాలి’ అన్న నియమం దగ్గర ఇది తేలిపోతుంది. కొండల వెంట సాగిన సన్నటి పట్టీ ఇది. ఒక కొస నుంచి మరో కొసకు వెళ్లాలంటే మైదానంలోకి దిగి జాతీయ రహదారి పట్టుకోవడమే సులువు. పైగా ఎస్టీ లోక్‌సభ స్థానం లోపల పార్వతీపురం ఎస్సీ అసెంబ్లీ స్థానం. 2022లో లోక్‌సభ స్థానాల ప్రాతిపదికన రాష్ట్రాన్ని 26 జిల్లాలు చేసినప్పుడు అరకు ఒక్కదాన్నే రెండు జిల్లాలుగా విడగొట్టాల్సి వచ్చింది. ఒక ఎంపీ తిరగాల్సిన నేలను ఒక కలెక్టర్ చేతిలో పెట్టడానికి ప్రభుత్వానికే ధైర్యం చాలలేదన్నమాట.

చేవెళ్లది దీనికి తిరగేసిన కథ. ఉమ్మడి రంగారెడ్డి జిల్లాకు 14 అసెంబ్లీ స్థానాలు వచ్చాయి. ఏడేడు చొప్పున రెండు ఎంపీ స్థానాలకు చక్కగా సరిపోయే అంకె. చివరికి ఇబ్రహీంపట్నం భువనగిరికి పోయింది, సికింద్రాబాద్ కంటోన్మెంట్ మల్కాజిగిరికి వచ్చింది, మిగతావి మల్కాజిగిరి, చేవెళ్ల మధ్య పంచారు. ఫలితంగా ఐటీ కంపెనీల శేరిలింగంపల్లి, కందులూ నాపరాళ్లూ పండే తాండూరు ఒకే ఎంపీ కింద చేరాయి. అంకెలు సరిపోయాయి, జిల్లా హద్దు దాదాపు నిలిచింది, కానీ ఆ రెండు ఊళ్ల సమస్యల్లో ఉమ్మడిగా కనిపించేది ట్రాఫిక్ ఒక్కటే కావచ్చు.

మల్కాజిగిరి మరో పాఠం. 2001 జనాభాతో గీసిన గీత 2009లో వాడకంలోకి వచ్చేసరికే పాతబడింది. నగరం ఆ వైపే పెరిగింది. 2019కి అక్కడ ఓటర్లే 31 లక్షలు దాటారు, దేశంలోకెల్లా పెద్ద స్థానం అయింది.

2008లో మాయమైన ఎంపీ స్థానాలు ఏవి?

హనుమకొండ, మిర్యాలగూడ, సిద్దిపేట, భద్రాచలం, తెనాలి, బొబ్బిలి, పార్వతీపురం పోయాయి. భువనగిరి, చేవెళ్ల, మల్కాజిగిరి, మహబూబాబాద్, జహీరాబాద్, అరకు, విజయనగరం వచ్చాయి.

జిల్లాలు, మండలాలు మారిపోయాయి కదా, ఏ హద్దు చూస్తారు?

ఇదే అసలు చిక్కు. తెలంగాణ 2016లో 10 జిల్లాల నుంచి 31కి, 2019లో 33కి పెరిగింది. మండలాలు 459 నుంచి ఒక్కసారిగా 584 అయ్యాయి. 2008 ఉత్తర్వులో ఉన్నవి పాత మండలాల పేర్లు. అందుకే ఒక కొత్త మండలం రెండు నియోజకవర్గాల్లో, ఒక నియోజకవర్గం రెండు మూడు జిల్లాల్లో పడి ఉన్న చోట్లు చాలా ఉన్నాయి. ఎమ్మెల్యే ఇద్దరు కలెక్టర్ల సమీక్షలకు తిరగడం మామూలైపోయింది.

కమిషన్ ఒక తేదీ పెట్టుకుని ఆ రోజుకు ఉన్న పాలనా హద్దులనే లెక్కలోకి తీసుకుంటుంది. 2008 ఉత్తర్వు ఇచ్చిన కమిషన్‌కు అది 2004 ఫిబ్రవరి 15. అస్సాంలో 2023 జనవరి 1. అక్కడి ప్రభుత్వం సరిగ్గా ముందు రోజు, 2022 డిసెంబర్ 31న, బిశ్వనాథ్, హోజాయ్, తముల్‌పూర్, బజాలీ జిల్లాలను పాత జిల్లాల్లో తిరిగి కలిపేసింది. జిల్లా గీత ఎంత విలువైనదో ఇంతకన్నా చెప్పనక్కర్లేదు. కాబట్టి మీ మండలం ఏ జిల్లాలో ఉండాలన్న పోరాటం ఉంటే అది ఆ తేదీకి ముందే ముగియాలి, ఆ తర్వాత కమిషన్ దాన్ని వినదు.

జనగణనకూ ఇలాంటి గడువే ఉంది. 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా జరిగే జనగణన కోసం 2025 డిసెంబర్ 31 తర్వాత పాలనా హద్దులు మార్చవద్దని రాష్ట్రాలకు చెప్పారు.

కమిషన్‌లో ఎవరుంటారు? మా ఎమ్మెల్యే గీత మార్చగలడా?

2002 చట్టం ప్రకారం ముగ్గురు: సుప్రీంకోర్టు సిట్టింగ్ లేదా మాజీ న్యాయమూర్తి అధ్యక్షుడు, ప్రధాన ఎన్నికల కమిషనర్ లేదా ఆయన నియమించే కమిషనర్, ఆ రాష్ట్ర ఎన్నికల కమిషనర్. 2008 ఉత్తర్వు ఇచ్చిన కమిషన్‌కు జస్టిస్ కుల్‌దీప్ సింగ్ అధ్యక్షులు. వీరితో పాటు ప్రతి రాష్ట్రం నుంచి ఐదుగురు ఎంపీలు, ఐదుగురు ఎమ్మెల్యేలు అనుబంధ సభ్యులు. వీళ్లు మాట్లాడొచ్చు, ప్రత్యామ్నాయం పెట్టొచ్చు, కానీ ఓటు లేదు, నిర్ణయం మీద సంతకం లేదు. అయితే వాళ్ల అసమ్మతి ప్రతిపాదన ముసాయిదాతో పాటు గెజిట్‌లో అచ్చవుతుంది. మీ వాదన ఒక అనుబంధ సభ్యుడి అసమ్మతి నోటులోకి ఎక్కిందంటే ఆ తర్వాత మీరు పంపే అభ్యంతరానికి బలం వస్తుంది. మిగతా ఎమ్మెల్యేలు కూడా మీలాగే అర్జీదారులు.

మా అసెంబ్లీ స్థానం ఎస్సీ లేదా ఎస్టీ రిజర్వుడు అవుతుందో ముందే తెలుసుకోవచ్చా?

చాలావరకు తెలుస్తుంది. రాష్ట్ర జనాభాలో వాటా ఎంతో స్థానాల్లోనూ అంతే. 2001లో ఎస్సీలు 16.2 శాతం, 294లో 48. ఎస్టీలు 6.6 శాతం, 294లో 19. విభజన తర్వాత ఇవి ఆంధ్రప్రదేశ్‌లో 29, 7. తెలంగాణలో 19, 12.

ఏ స్థానం అన్నది తేల్చే పద్ధతి రెండు వర్గాలకూ ఒకటి కాదు. ఎస్టీ స్థానాలు వాళ్ల శాతం అత్యధికంగా ఉన్నచోటే పెడతారు. పై నుంచి వరసగా లెక్కపెట్టుకుంటూ రావడమే. ఎస్సీ స్థానాలు మాత్రం రాష్ట్రంలో వేర్వేరు ప్రాంతాలకు విస్తరించాలి. అందుకే ముందు జిల్లాలకు పంచి, జిల్లా లోపల శాతం ఎక్కువున్న స్థానాన్ని ఎంచుతారు. దీంతో ఒక మండలం అటు జరిగితే రిజర్వేషన్ కూడా పక్క స్థానానికి మారిపోవచ్చు. హద్దు మార్పు అడిగేవాళ్లలో కొందరి అసలు ఉద్దేశం ఇదే. కమిషన్‌కూ ఆ సంగతి తెలుసు. మీ ప్రతిపాదనతో రెండు వైపులా ఎస్సీ, ఎస్టీ శాతం ఎంత మారుతుందో మీరే రాసిపెడితే అనుమానం తగ్గుతుంది.

అభ్యంతరం ఎలా రాయాలి?

ముసాయిదా గెజిట్‌లో వచ్చాక గడువు తక్కువే ఉంటుంది. అందుకని కాగితాలు ముందే సిద్ధం చేసుకోవాలి.

మొదట మీ ప్రాంతంలోని ప్రతి రెవెన్యూ గ్రామానికి జనగణన కోడ్, మొత్తం జనాభా, ఎస్సీ జనాభా, ఎస్టీ జనాభా ఒక పట్టికలో రాయండి. జనగణన ప్రాథమిక సంగ్రహంలో ఇవన్నీ ఊరివారీగా దొరుకుతాయి. ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. పంచాయతీ వేరు, రెవెన్యూ గ్రామం వేరు. తెలంగాణలో 2018 చట్టంతో వందలాది తండాలు పంచాయతీలయ్యాయి కానీ జనగణనలో చాలా తండాల జనాభా పాత రెవెన్యూ గ్రామంలోనే కలిసి ఉంది. పంచాయతీ కార్యదర్శి ఇచ్చిన అంకె, జనగణన అంకె కలిపి వాడితే మీ మొత్తం ఎక్కడా కుదరదు.

తర్వాత బదులు చూపించండి. ఊహకు ఒక లెక్క: సగటు 2,29,000 అనుకుంటే అనుమతించే పరిధి 2,06,100 నుంచి 2,51,900. ముసాయిదాలో ‘అ’ స్థానం 2,46,000, ‘ఆ’ స్థానం 2,14,000. 48,000 జనాభా ఉన్న మీ మండలాన్ని ‘ఆ’ నుంచి ‘అ’లోకి మార్చమన్నారు. అప్పుడు ‘అ’ 2,94,000 అవుతుంది, ‘ఆ’ 1,66,000కి పడిపోతుంది. రెండూ పరిధి దాటాయి, మీ అర్జీ అక్కడితో సరి. అదే, ‘అ’లో సరిహద్దున ఉన్న 45,000 జనాభా మండలాన్ని బదులుగా ‘ఆ’కు ఇవ్వమంటే ‘అ’ 2,49,000, ‘ఆ’ 2,11,000. రెండూ నిలబడ్డాయి. ఇక ఆ రెండో మండలం వాళ్లు ఒప్పుకుంటారా అన్నది మీరు వెళ్లి మాట్లాడాల్సిన సంగతి. రెండు మండలాల గ్రామ సభలూ తీర్మానం చేసి పంపిన వినతికి ఉండే బరువు వేరు.

పటం తప్పనిసరి. చేత్తో గీసినదైనా పరవాలేదు కానీ స్కేలు, ఉత్తర దిక్కు, మండల హద్దులు, రోడ్లు, వాగులు ఉండాలి. మార్పు తర్వాత ఏ మండలమూ మిగతా నియోజకవర్గం నుంచి తెగిపోయి దీవిలా మిగలకూడదు.

ఆఖరున వెసులుబాటుకు రుజువులు: ఆర్టీసీ బస్సుల వేళలు, మార్కెట్ యార్డు పరిధి, పోలీస్ సర్కిల్, రెవెన్యూ డివిజన్, ఆస్పత్రికి దూరం, కాలువ ఆయకట్టు పటం. ప్రతి దూరం కిలోమీటర్లలో. పిటిషన్ తెలుగులో రాసినా, అంకెల పట్టికకు ఇంగ్లీషు ప్రతి జతచేయడం మంచిది. ఢిల్లీ నుంచి వచ్చే సాంకేతిక సిబ్బంది ముందుగా చూసేది దాన్నే.

వేల సంతకాలు సేకరిస్తే సరిపోదా?

ఒకే ఫారం జిరాక్స్ తీసి ఐదు వేల మందితో సంతకాలు పెట్టిస్తే, లెక్కల్లో అది ఒకే అభ్యంతరం. పట్టిక, పటం, బదులు ఉన్న నాలుగు పేజీల కాగితం దానికంటే దూరం వెళ్తుంది. తిరస్కరణకు కారణాలు ఎప్పుడూ ఒకలాగే ఉంటాయి: గడువు దాటడం, కమిషన్‌కు బదులు కలెక్టరేట్‌లో ఇచ్చి ఊరుకోవడం, ఓటర్ల అంకెలు వాడటం, పరిధి దాటే లెక్క, పొరుగు నియోజకవర్గం సంగతి అసలు ఎత్తకపోవడం. ఇంకొకటి, నాయకుడి పేరు. ‘ఈ మార్పుతో మా నేత గెలవడు’ అన్న ధ్వని ఎక్కడున్నా తీసేయండి.

బహిరంగ విచారణలో మాట్లాడటానికి ఎంత సమయం ఇస్తారు?

నిమిషాలే. మీ వెనక చాలామంది నిలబడి ఉంటారు. ‘ఫలానా మండలం, జనాభా ఇంత, ఇక్కడి నుంచి అక్కడికి, బదులుగా ఇది, రెండూ పది శాతం లోపలే, కారణం ఈ వాగు’ అని చెప్పి కాగితం చేతికివ్వండి. ఊరి చరిత్ర మొదలుపెడితే మైకు పోతుంది.

పేరు మార్చమని అడగొచ్చా?

అడగొచ్చు, ఇది తేలిగ్గా ఒప్పుకునే కోరిక. జమ్ముకశ్మీర్‌లో 2022 తుది ఉత్తర్వుకు ముందు జనం కోరికపై తంగ్‌మార్గ్ గుల్‌మార్గ్ అయింది, సోన్‌వార్ లాల్ చౌక్ అయింది. అదే ఉత్తర్వులో పీర్ పంజాల్ కొండలకు అటున్న రాజౌరీ, పూంచ్‌లను ఇటున్న అనంతనాగ్‌తో ఒకే లోక్‌సభ స్థానంలో కలిపారు. మధ్యనున్న మొఘల్ రోడ్డు శీతాకాలంలో మంచుతో మూసుకుపోతుంది. దానిమీద వచ్చిన అభ్యంతరాలు మాత్రం నిలవలేదు. 90 అసెంబ్లీ స్థానాలు, ఐదు లోక్‌సభ స్థానాలు, ఒక్కోదానికి 18 అన్న అంకె ముందు మంచు ఓడిపోయింది.

విలీన మండలాల సంగతేమిటి?

2014లో పోలవరం కోసం ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌కు మారిన మండలాల నియోజకవర్గ హద్దులను 2018లో ఎన్నికల సంఘం సవరించింది. చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం, ఎటపాక రంపచోడవరంలో. కుక్కునూరు, వేలేరుపాడు పోలవరంలో చేరాయి. అంటే పక్కపక్కనే ముంపు సమస్య మోస్తున్న ఊళ్లలో కొన్ని అరకు ఎంపీకి, కొన్ని ఏలూరు ఎంపీకి. పునరావాసం గురించి ఒకే గొంతుతో అడగాల్సినవాళ్లు రెండు గుమ్మాలు ఎక్కుతున్నారు. వచ్చే పునర్విభజనలో వెసులుబాటు వాదనకు ఇంతకన్నా గట్టి కేసు మన రెండు రాష్ట్రాల్లో తక్కువ.

225, 153 సీట్లు వస్తాయంటారు కదా?

2014 నాటి రాష్ట్ర విభజన చట్టం 26వ సెక్షన్‌లో ఆంధ్రప్రదేశ్‌కు 175 నుంచి 225, తెలంగాణకు 119 నుంచి 153 అని ఉంది. అయితే ‘170వ అధికరణకు లోబడి’ అన్న మాట కూడా అక్కడే ఉంది. ఆ రాజ్యాంగ అధికరణ సీట్ల పెంపును 2026 తర్వాతి తొలి జనగణనకు ముడిపెట్టింది. జమ్ముకశ్మీర్‌కు చేసినట్టు మాకూ ఇప్పుడే చేయాలన్న పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2025 జులైలో కొట్టేసింది.

అంకెలు గమనించండి: 25 ఎంపీ స్థానాలకు 225, 17కు 153, రెండు చోట్లా తొమ్మిదేసి. 2011 జనాభాతో చూస్తే తెలంగాణ సగటు 2.94 లక్షల నుంచి 2.29 లక్షలకు, ఆంధ్రప్రదేశ్ సగటు 2.83 నుంచి 2.20 లక్షలకు దిగుతుంది. స్థానం చిన్నదైతే ఒకే సంత, ఒకే కాలువ కింది ఊళ్లు ఒకచోట ఇమిడే అవకాశం పెరుగుతుంది. తొమ్మిదేసి కలిపి ఎంపీ స్థానం కట్టేటప్పుడు మాత్రం ఇబ్బంది పాతదే.

వేరే దేశాల్లో ఈ అనుబంధాలను చట్టంలోనే రాశారా?

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో రాశారు. సామాజిక, ఆర్థిక ప్రయోజనాలు ఉమ్మడిగా ఉన్న ఇరుగుపొరుగు జనసమూహాన్ని చీల్చకూడదని ఆ రాష్ట్ర రాజ్యాంగం చెబుతుంది. పార్టీతోనో అభ్యర్థితోనో ఉన్న సంబంధం ఆ కోవలోకి రాదని కూడా అదే వాక్యం పక్కన ఉంది. గీసేది సాధారణంగా 14 మంది పౌరుల కమిషన్. బ్రిటన్‌లో ‘తెగిపోయే స్థానిక బంధాలు’ చూడొచ్చని చట్టం అంటుంది కానీ 5 శాతం పరిధి దాటకుండానే. 2023 సమీక్షలో అది 69,724 నుంచి 77,062 మంది ఓటర్లు. వైట్ దీవి వంటి కొద్ది చోట్లకే మినహాయింపు. మన 10 శాతం దానికంటే వదులే. ఆ వదులును ఊళ్ల కోసం వాడమని అడిగేవాళ్లే తక్కువ.

తుది ఉత్తర్వు మీద కోర్టుకు వెళ్లొచ్చా?

ఉత్తర్వు గెజిట్‌లో వచ్చాక చట్టంతో సమానం. చట్టసభల ముందు పెడతారు కానీ అవి సవరించలేవు. 1966లో మేఘరాజ్ కొఠారీ కేసు నుంచి కోర్టులు దూరంగానే ఉన్నాయి. స్పష్టంగా నిరంకుశమైన నిర్ణయమైతే చూడొచ్చని 2024లో సుప్రీంకోర్టు అంది. అది సన్నటి సందు. ముసాయిదా దశలో చేసిన పనికి అది ప్రత్యామ్నాయం కాదు.

కొత్త హద్దులు ఎప్పటి నుంచి?

ఆ తర్వాత జరిగే సాధారణ ఎన్నికల నుంచి. అప్పటి సభ రద్దయ్యేదాకా ఉప ఎన్నికలు పాత హద్దులతోనే. మీ ఓటరు జాబితా భాగం సంఖ్య, వరస సంఖ్య మారతాయి. స్థానాల సంఖ్యలు కూడా తారుమారవుతాయి. ఉత్తరం కొస నుంచి వంకరటింకరగా దక్షిణానికి అంకెలు వేస్తారు. ఉమ్మడి రాష్ట్రంలో సిర్పూర్ 1, ఇచ్ఛాపురం 120. ఇప్పుడు రెండూ తమ తమ రాష్ట్రాల్లో ఒకటో నంబరే.